అడగని ప్రశ్నలు, రెండు ఓట్లు: సంజీవయ్య జీవితం నేర్పే పాఠం

కైరుప్పల పేరు పత్రికల్లో ఏడాదికొక్కసారి కనిపిస్తుంది. ఉగాది మరుసటి రోజున కర్నూలు జిల్లా ఆస్పరి మండలంలోని ఆ ఊరు రెండు పక్షాలుగా చీలి పిడకలతో పోరాడుతుంది. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ మధ్య వచ్చిన పెళ్లి తగాదాకు గుర్తుగా ఆ పోరు సాగుతుందని ఊరివారు చెబుతారు. చివరకు ఇరుపక్షాలూ రాజీపడి కల్యాణం జరిపిస్తాయి. ఈ వేడుకను ఏటా చూపించే వార్తలు ఆ ప్రాంతపు రాజకీయ చరిత్ర జోలికి పోవు. 1953 అక్టోబరు 1 వరకు ఆదోని, ఆలూరు తాలూకాలు మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ రోజు తెల్లవారేసరికి వాటి రాష్ట్రమూ మారింది, జిల్లా కూడా మారింది. ఏ రాష్ట్రంలో ఉంటారని అక్కడి ప్రజలను ఓటు ద్వారా అడిగినవారు లేరు.

కొన్ని దేశాల్లో ఇటువంటి ప్రశ్నలను నేరుగా ఓటరు ముందు పెడతారు. స్విట్జర్లాండ్‌లోనూ, అమెరికాలోని అనేక రాష్ట్రాల్లోనూ ఒక చట్టం ఉండాలా వద్దా అన్నది బ్యాలట్ మీదే తేలుతుంది. మన రాజ్యాంగం ఆ మార్గాన్ని ఎంచుకోలేదు. 1948లో జునాగఢ్‌లో, 1967లో గోవాలో, 1975లో సిక్కింలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలు అరుదైన మినహాయింపులు. తెలుగు నేల మీద అటువంటిది ఒక్కటీ జరగలేదు. ప్రజలను సూటిగా అడిగితే కులసమస్యకు న్యాయమైన జవాబు వస్తుందా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి దామోదరం సంజీవయ్య జీవితం కంటే మంచి ఆధారం దొరకదు. ఎమ్మిగనూరు ఓటర్లు శాసనసభకు పంపిన ఆ దళిత నాయకుడి రాజకీయ జీవితంలోని ప్రతి మలుపు వెనుకా ఓటు ఎవరిది, దాన్ని ఎలా లెక్కించాలి అన్న వివాదం కనిపిస్తుంది.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు సమీపంలోని పెద్దపాడులో భూమిలేని మాల కుటుంబంలో జన్మించారు. తండ్రి మునయ్య, తల్లి సుంకులమ్మ. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే తండ్రి మరణించడంతో కుటుంబం మేనమామ అండకు చేరింది. అంటరానితనం ఊరి కట్టుబాటుగా చలామణీ అయిన ఆ కాలంలో మాలపేట పిల్లవాడు బడికి వెళ్లడమే అసాధారణం. సంజీవయ్య కర్నూలులో చదివి, పరీక్షల్లో ముందు నిలిచి, అనంతపురంలోని దత్తమండల కళాశాలలో చేరారు. ఆనాటి శాసనసభలకు ఓటు వేయాలంటే ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతల్లో ఏదో ఒకటి ఉండాలి. భూమిలేని, చదువుకు నోచుకోని కూలి కుటుంబాలు ఓటర్ల జాబితాలో చేరే దారే లేదు. సంజీవయ్య బాల్యం గడిచింది అటువంటి కుటుంబాల నడుమనే.

ఆయన పదకొండేళ్ల వయసులో ఉండగా, 1932 సెప్టెంబరులో, పుణె ఎరవాడ జైలులో దళితుల రాజకీయ భవిష్యత్తుపై బేరసారాలు నడిచాయి. బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించిన మతపర తీర్పు దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. దానికి వ్యతిరేకంగా గాంధీ నిరాహారదీక్షకు దిగారు. అంబేడ్కర్ తీవ్రమైన ఒత్తిడి నడుమ చర్చలకు కూర్చున్నారు. ఆ చర్చల్లో చివరిదాకా తెగని అంశాల్లో ఒకటి మన పాఠ్యపుస్తకాల్లోకి సరిగా చేరలేదు. అదే రెఫరెండం. రిజర్వుడు స్థానాలు ఎంతకాలం కొనసాగాలన్నది దళిత ఓటర్ల అభిప్రాయ సేకరణతోనే తేలాలని అంబేడ్కర్ పట్టుబట్టారు. ఆ సేకరణ ఎన్నేళ్లకు జరగాలన్న దగ్గర చిక్కు వచ్చింది. ఐదేళ్లకే జరగాలని గాంధీ, అంతకంటే చాలా ఎక్కువ వ్యవధి కావాలని అంబేడ్కర్ వాదించారు. సమాజపు మనసు మారకముందే పెట్టే ఓటు స్వేచ్ఛగా జరగదన్నది అంబేడ్కర్ భయం. చివరకు రెఫరెండం మాటే ఒప్పందంలో లేకుండా పోయింది. ఇరువర్గాల పరస్పర అంగీకారంతో నిర్ణయించేదాకా రిజర్వుడు స్థానాలు కొనసాగుతాయని సెప్టెంబరు 24న రాసుకున్నారు.

ఆ ఒప్పందంతో రాష్ట్ర శాసనసభల్లో దళితుల స్థానాలు 71 నుంచి 148కి పెరిగాయి. వాటిలో మద్రాసు వాటా 30. అయితే గెలుపును నిర్ణయించే అధికారం ఉమ్మడి ఓటర్లకు వెళ్లింది. మొదట దళిత ఓటర్లు మాత్రమే ఓటువేసి నలుగురు అభ్యర్థులను ఎంపిక చేస్తారు. ఆ నలుగురిలో ఒకరిని అన్ని కులాల ఓటర్లూ కలిసి గెలిపిస్తారు. తొలి అంచెలో దళితులు అగ్రస్థానం ఇచ్చిన వ్యక్తి రెండో అంచెలో ఓడిపోవడానికి ఆ పద్ధతిలో పూర్తి అవకాశం ఉంది. దళిత ప్రతినిధిగా ఎవరు ఉండాలన్నది దళితేతరుల ఓట్లతో తేలడం అప్పటినుంచే మన ఎన్నికల్లో స్థిరపడింది. తరువాత రెండు దశాబ్దాలకు సంజీవయ్య అడుగుపెట్టిన రాజకీయం ఈ పునాది మీద నిలిచినదే.

పట్టభద్రుడైన తరువాత ఆయన యుద్ధకాలంలో చిన్న చిన్న ప్రభుత్వ ఉద్యోగాలు చేశారు. వాటితో తృప్తిపడక మద్రాసు లా కాలేజీలో చేరి, పాఠాలు చెబుతూ ఖర్చులు గడుపుకొని న్యాయశాస్త్రం పూర్తిచేశారు. 1950లో న్యాయవాదిగా నమోదైన ఏడాదే తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడయ్యారు. ఆ సభకు సభ్యులను పంపింది పరిమిత ఓటుహక్కుతో ఏర్పడిన రాష్ట్ర శాసనసభలు. ముప్పై ఏళ్లు నిండకముందే పార్లమెంటులో కూర్చున్న సంజీవయ్యకు అప్పటికి ఏ ఊరి ఓటరూ నేరుగా ఓటు వేసి ఉండలేదు. ఆ పరీక్ష 1952 సాధారణ ఎన్నికల్లో ఎమ్మిగనూరులో ఎదురైంది.

నేటి విద్యార్థులకు ఆనాటి ఓటింగ్ పద్ధతి వింతగా తోస్తుంది. మద్రాసు శాసనసభలోని 375 స్థానాలకు 309 నియోజకవర్గాలు ఉండేవి. వాటిలో 66 ద్విసభ్య నియోజకవర్గాలు. అక్కడ ఒకే ప్రాంతం నుంచి ఇద్దరు ఎన్నికవుతారు. ఒక స్థానం షెడ్యూల్డు కులాలకో తెగలకో కేటాయించినది, మరొకటి సాధారణ స్థానం. కులంతో నిమిత్తం లేకుండా ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు ఉండేవి. రెండింటినీ ఒకే అభ్యర్థికి వేయకూడదు. ప్రతి అభ్యర్థికీ ఒక పెట్టె, దాని మీద గుర్తు. ఓటరు చాటుకు వెళ్లి తన చీటీలను తనకు నచ్చిన పెట్టెల్లో వేసి వస్తాడు. ఎమ్మిగనూరు రిజర్వుడు స్థానం నుంచి సంజీవయ్య కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచి, రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకూ అక్కడినుంచే ఎన్నికయ్యారు.

రెండు ఓట్ల పద్ధతిలోని సామాజిక అర్థాన్ని రాజనీతి శాస్త్రం తగినంతగా పరిశీలించలేదు. ఆధిపత్య కులానికి చెందిన రైతు ఒక ఓటు తనవాడికి వేసుకున్నాక మరో ఓటు అతని చేతిలో మిగులుతుంది. దాన్ని దళిత అభ్యర్థికి వేసినందువల్ల అతనికి పోయేదేమీ లేదు. దళిత ఓటరుకు అదే రెండో ఓటు వేరే విధంగా ఉపయోగపడేది. సాధారణ స్థానానికి పోటీచేసే భూస్వామి కూడా మాలపేటకూ మాదిగపేటకూ వచ్చి ఓటు అడగక తప్పేది కాదు. పార్టీలు ఇద్దరు అభ్యర్థులనూ ఒకే ప్రచారంలో తిప్పేవి. ఊరి నడివీధిలో చెప్పులు విప్పి నడవమన్న సమాజంలో ఇద్దరినీ ఒకే వేదిక మీద నిలబెట్టడం చిన్న మార్పు కాదు. అయితే ఈ పద్ధతికి లోపాలూ ఉన్నాయి. నియోజకవర్గం పెద్దది, ఖర్చు ఎక్కువ. పెద్ద కులాల మద్దతు లేని దళిత అభ్యర్థి అక్కడా నెగ్గడం కష్టమే. సంజీవయ్య గెలుపును కాంగ్రెస్ యంత్రాంగం నుంచి విడదీసి చూడలేము.

ఆయన తొలిసారి మంత్రిగా ఉన్న కాలంలోనే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు మరణించారు. నాలుగు రోజులకు కేంద్రం రాష్ట్రాన్ని ప్రకటించింది. జస్టిస్ వాంఛూ నివేదిక తయారుచేశారు. బళ్లారి జిల్లాలో తెలుగువారు ఎక్కువగా ఉన్న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మొదటి రెండూ కర్నూలు జిల్లాలో, మూడోది అనంతపురంలో కలిశాయి. వివాదాస్పదమైన బళ్లారి తాలూకా, జస్టిస్ మిశ్రా విచారణ తరువాత మైసూరుకు దక్కింది. నిర్ణయానికి ముఖ్య ఆధారం జనగణనలోని మాతృభాషల లెక్క. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వీధిలో వినిపించే ఆదోని ప్రాంతంలో మనుషులను భాషల వారీగా లెక్కించారు గానీ వారి ఇష్టాన్ని కనుక్కోలేదు. కొత్త రాష్ట్రంలో భూమి ఎవరి చేతికి వస్తుంది, చెరువుల కింది బంజరు ఎవరికి దక్కుతుంది, హాస్టళ్లు ఎక్కడ వస్తాయి అన్నవి దళితుల ప్రశ్నలు. భాషా సరిహద్దు చర్చలో వాటికి చోటు లేదు.

ప్రకాశం మంత్రివర్గంలో సంజీవయ్య సభ్యుడు. ఆ ప్రభుత్వాన్ని కూల్చింది మద్యనిషేధం. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైన నిషేధాన్ని ఆంధ్ర రాష్ట్రం వారసత్వంగా పొందింది. ఈడిగ, గౌడ, శెట్టిబలిజ, యాత కులాల గీత కార్మికులకు అది కూటి సమస్య. గౌతు లచ్చన్న నాయకత్వంలో వారు సత్యాగ్రహం చేశారు. నిషేధం విఫలమైందని రామమూర్తి కమిటీ చెప్పినా ప్రభుత్వం దాన్ని వదులుకోలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. అమెరికాలో అయితే ఇటువంటి ప్రశ్నను రాష్ట్ర ఓటర్ల ముందు బ్యాలట్ అంశంగా పెట్టి ఉండేవారు. ఇక్కడ 1955 మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. కమ్యూనిస్టులు అధికారానికి వస్తారా రారా అన్న పెద్ద పోరులో కల్లుగీత ప్రశ్న మరుగున పడింది. సాధారణ ఎన్నికలో వంద అంశాలకు ఒక్క ఓటే జవాబు. అందులో తక్కువ సంఖ్య గల కులాల ప్రశ్న ముందుగా మునిగిపోతుంది.

ద్విసభ్య పద్ధతికి అసలైన పరీక్ష 1957లో ఉత్తరాంధ్రలో వచ్చింది. పార్వతీపురం లోక్‌సభ స్థానం షెడ్యూల్డు తెగలకు ఒక సీటు కేటాయించిన ద్విసభ్య నియోజకవర్గం. అక్కడ కాంగ్రెస్ ప్రముఖుడు వి.వి.గిరి సాధారణ స్థానాన్ని ఆశించి ఓడిపోయారు. ఆదివాసీ అభ్యర్థుల్లో ఒకరు రిజర్వుడు స్థానం పొందగా, గిరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న డిప్పల సూరిదొరకు సాధారణ స్థానం దక్కింది. సాధారణ స్థానం అందరిదీ కాబట్టి ఆదివాసీ దానికి అర్హుడేనని 1959లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పార్లమెంటు రెండేళ్లు తిరగకుండానే, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాలను రద్దుచేసింది. పెద్ద నియోజకవర్గాల నిర్వహణ కష్టమన్నది బయటికి చెప్పిన కారణాల్లో ఒకటి. కానీ ఫలితం కులపరమైనది. రిజర్వుడు స్థానాలు విడిగా గిరిగీసిన చోట్లకు పరిమితమయ్యాయి. మిగిలిన నియోజకవర్గాల్లో పార్టీలు దళితుడికి టికెట్ ఇవ్వవలసిన అవసరమే లేకుండా పోయింది.

ఆ చట్టం వచ్చేనాటికి సంజీవయ్య ముఖ్యమంత్రి. నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్లడంతో 1960 జనవరి 11న, నలభై ఏళ్లు నిండకముందే ఆయన ఆ పదవి చేపట్టారు. భారతదేశంలో ఒక రాష్ట్రానికి దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదటిసారి. వృద్ధులకు పింఛను పథకం ఆ కాలంలోనే మొదలైంది. అవినీతి నిరోధక శాఖ 1961లో ఏర్పడింది. వ్యవసాయ భూములపై గరిష్ఠ పరిమితి చట్టం అదే ఏడాది వచ్చింది. ఆ చట్టం మీద ఎన్ని విమర్శలైనా ఉండవచ్చు, పరిమితులు ఉదారంగా ఉన్నాయన్నది వాటిలో ప్రధానమైనది. అయితే భూస్వాముల ప్రాబల్యం నిండిన శాసనసభలో భూమికి హద్దు ఉండాలన్న సూత్రాన్ని చట్టంగా నిలబెట్టడం తక్కువ పని కాదు. వీటిలో దేన్నీ ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టలేదు. పెట్టి ఉంటే ఊరి మోతుబరి మాట కాదని ఓటువేసే ధైర్యం కౌలుదారుకూ జీతగాడికీ ఎంతవరకు ఉండేదో ఆలోచించాలి.

1962 ఫిబ్రవరి ఎన్నికలకు కాంగ్రెస్ ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే వెళ్లింది. 300 స్థానాల్లో 177 గెలిచింది. ద్విసభ్య ఎమ్మిగనూరు పోయాక సంజీవయ్య రిజర్వుడు స్థానమైన కోడుమూరు నుంచి ఎన్నికయ్యారు. పార్టీకి స్పష్టమైన మెజారిటీ తెచ్చిన ముఖ్యమంత్రి కొనసాగడం సహజం. మార్చి 12న ఆయన పదవి నుంచి దిగిపోయారు, సంజీవరెడ్డి తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఓటర్లు ఇచ్చిన తీర్పుకూ ఈ మార్పుకూ సంబంధం లేదు. అది పార్టీలోని ముఠాల లెక్కల్లో, ఢిల్లీ పెద్దల సమ్మతితో జరిగిపోయింది. రాష్ట్రం ఆయన పాలనను మెచ్చిందా లేదా అన్నది ఒక విషయం. పదవి ఎవరికి దక్కాలన్నది వేరొకచోట తేలే విషయం. రెండింటి నడుమ ఉన్న దూరాన్ని ఆ మార్చి నెల చూపింది. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో మరో దళితుడు ముఖ్యమంత్రి కాలేదన్న వాస్తవాన్ని దాని పక్కనే పెట్టి చూడాలి.

అదే ఏడాది సంజీవయ్య అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ పదవి పొందిన తొలి దళితుడూ ఆయనే. 1964లో కేంద్ర కార్మిక మంత్రిగా బాధ్యతలు తీసుకున్నారు. పారిశ్రామిక కార్మికులకు బోనస్‌ను హక్కుగా చేసిన 1965 చట్టం ఆయన మంత్రిగా ఉన్నప్పటిదే. 1971లో రెండోసారి పార్టీ అధ్యక్షుడయ్యారు. 1972 మే 7న ఢిల్లీలో మరణించేనాటికి ఆయన వయసు 51. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఆయన పేరిట ఒక ఉద్యానవనం ఉంది. సాయంత్రాలు అక్కడ నడిచేవారిలో ఆయన జీవితం తెలిసినవారు తక్కువే.

ఈ జీవితాన్ని ఇప్పుడు తిరిగి చదవడానికి ఒక కారణం ఉంది. రిజర్వేషన్లు ఉండాలా వద్దా అన్నది దేశమంతటా ఓటింగుకు పెట్టాలన్న వాదన తరగతి గదుల్లోనూ వినిపిస్తోంది. అడిగితే తప్పేమిటన్నది ఆ వాదనలోని ఆకర్షణ. అడిగిన చోట ఏం జరిగిందో చూద్దాం. 1963లో కాలిఫోర్నియా శాసనసభ, ఇళ్ల అమ్మకంలోనూ అద్దెలోనూ జాతి వివక్షను నిషేధించింది. 1964 నవంబరులో ఆ రాష్ట్ర ఓటర్లు 14వ ప్రతిపాదన ద్వారా, దాదాపు మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆ రక్షణను వమ్ముచేశారు. నల్లజాతివారికి ఇల్లు ఇవ్వకుండా ఉండే స్వేచ్ఛను తెల్లజాతి మెజారిటీ తనకు తానే ఓటువేసి ఇచ్చుకుంది. 1966లో రాష్ట్ర సుప్రీంకోర్టు, 1967లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని చెల్లదన్నాయి. అదే రాష్ట్రంలో 1996లో 209వ ప్రతిపాదన ప్రభుత్వ ఉద్యోగాల్లో, విశ్వవిద్యాలయాల్లో వెనుకబడిన జాతులకు ఇచ్చే ప్రాధాన్యాన్ని రద్దుచేసింది. 2020లో దాన్ని తొలగించాలన్న ప్రయత్నమూ బ్యాలట్ వద్దే ఓడిపోయింది. అల్పసంఖ్యాకుల హక్కును మెజారిటీ చేతిలో పెట్టినప్పుడు ఇటువంటి ఫలితం వస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

దీన్నిబట్టి ప్రజలను అడగడమే తప్పని తేల్చకూడదు. ఆదోని, ఆలూరు ప్రజలను ఏ రాష్ట్రంలో ఉంటారని అడిగి ఉండవలసింది. ఆ నిర్ణయం భారం మోసేది వారే. గీత కార్మికులనూ, తాగుడు వల్ల కుటుంబాలు చితికిన స్త్రీలనూ అడగకుండా మద్యం మీద చట్టాలు చేయడమూ సరికాదు. 1932లో అంబేడ్కర్ కోరిన రెఫరెండం ఈ తేడాను స్పష్టంగా గుర్తించింది. ఆ ఓటు దళితులది మాత్రమే, అది కూడా వారు భయం లేకుండా ఓటు వేయగల సమయం వచ్చాకే. ఒక నిర్ణయం ఎవరి బతుకును మారుస్తుందో వారి మాటకు ఎక్కువ బరువు ఉండాలన్నదే ఆ కోరికలోని సూత్రం. ఎస్సీ వర్గీకరణ చర్చకూ ఈ సూత్రం వర్తిస్తుంది. మాల, మాదిగల సంఖ్యాబలాల నడుమ రెల్లి వంటి చిన్న కులాల గొంతు వినిపించాలంటే తలల లెక్క ఒక్కటే సరిపోదు.

నేడు కైరుప్పల ఉన్న ఆలూరు నియోజకవర్గం 2009కి ముందు ఎస్సీ రిజర్వుడు స్థానం. పునర్విభజన తరువాత అది జనరల్ అయింది. కోడుమూరు మాత్రం నేటికీ రిజర్వుడే. ఈ మార్పును కూడా ఒక కమిషన్ జనాభా లెక్కలు చూసి చేసింది. ఆ ప్రాంతపు దళిత ఓటరుకు 1952లో రెండు ఓట్లు ఉండేవి, నేడు ఒక్కటే ఉంది. కులప్రశ్న మీద ఓటింగ్ పెట్టాలని ఎవరు ప్రతిపాదించినా, విద్యార్థులు ముందుగా మూడు విషయాలు ఆరా తీయాలి. ప్రశ్న రాసేది ఎవరు? ఓటు వేసేది ఎవరు? తీర్పు బరువు ఎవరి మీద పడుతుంది? మూడింటికీ వచ్చే జవాబుల్లో ఒకే వర్గం కనిపిస్తే ఆ ఓటింగ్ న్యాయమైనది. పెద్దపాడు మాలపేటలో పుట్టిన సంజీవయ్య ముఖ్యమంత్రి పదవిదాకా వచ్చిన దారిలో ఆ మూడు జవాబులు ఎన్నడూ ఒక్కటి కాలేదు.